అరబీ వ్యాకరణం ఎవరి పక్షం?

నికా గురించో, తలాక్ గురించో, మెహర్ (నికాలో భర్త భార్యకు ఇస్తానని ఒప్పుకునే సొమ్ము) గురించో మా వాళ్ళలో ఏ ఆడపిల్లయినా గట్టిగా ఒక ప్రశ్న అడిగితే ముందు వచ్చే జవాబు ఒకటే: "నీకు అరబీ వచ్చా?" రాదని తెలిసే అడుగుతారు. అక్కడితో చర్చ ముగిసిపోతుంది. ఇక టీవీ చర్చల్లో ఇంకో రకం వాళ్ళుంటారు. ఏదో ఒక ఇంగ్లీషు అనువాదం తెరిచి, అందులో ఒక్క వాక్యం చదివి, "చూడండి, మీ ఖురాన్‌లోనే ఇలా ఉంది" అని తేల్చేస్తారు. ఈ రెండు రకాల వాళ్ళతోనూ నాకు పేచీ ఉంది.

మొదటి రకం వాళ్ళతో నాది సగం ఒప్పుదల. మదరసాల్లో నహూ, సర్ఫ్ అని చెప్పే అరబీ వ్యాకరణం తెలియకుండా ఇస్లామీ వివాహ చట్టంలో లోపలిదాకా వెళ్ళలేం. ఇది నేను పెద్దయ్యాక ఒక ఉస్తాద్ దగ్గర కూర్చుని నేర్చుకోవడం మొదలుపెట్టాకే తెలిసింది. కానీ నేర్చుకున్న కొద్దీ ఇంకో సంగతి కూడా తెలిసింది. ఈ వ్యాకరణం కొన్ని చోట్ల ఒకే ఒక్క అర్థానికి చోటిస్తుంది. ఇంకొన్ని చోట్ల రెండు అర్థాలకీ చోటిచ్చి ఊరుకుంటుంది. ఒకే అర్థం ఉన్న చోట మన ఆచారం ఎంత పాతదైనా వ్యాకరణం మాటే వినాలి. రెండు అర్థాలున్న చోట, అందులో ఒకదాన్ని ఎంచుకున్నది మనుషులు. ఆ ఎంపికను "అరబీలో అంతే ఉంది" అనే మాట చాటున దాచిపెట్టకూడదు. నేను చెప్పదలచుకున్నది ఇదే, మిగిలినవన్నీ దీనికి రుజువులు.

ముందు ఒకే అర్థం ఉన్న చోటు చూద్దాం. ఖురాన్‌లో బకరా సూరా (అధ్యాయం) 237వ ఆయతు (వాక్యం). నికా అయింది, మెహర్ ఎంతో ఖాయం చేశారు, కాపురం ఇంకా మొదలు కాలేదు, ఈలోపే తలాక్ అయింది. అప్పుడు ఖాయం చేసిన మెహర్‌లో సగం అమ్మాయికి ఇవ్వాలి అంటుంది ఆయతు. వెంటనే ఒక మినహాయింపు: "ఇల్లా అన్ యాఫూన". అంటే, వాళ్ళు వదులుకుంటే తప్ప. ఎవరు వాళ్ళు? అమ్మాయిలా, వాళ్ళ తరఫు మగవాళ్ళా?

అరబీలో ఆడవాళ్ళ బహువచనానికీ, మగవాళ్ళ బహువచనానికీ క్రియ రూపాలు వేరు వేరు. కానీ ఈ క్రియ ధాతువు చివర వావ్ అనే అక్షరం ఉండటం వల్ల రెండు రూపాలూ "యాఫూన" దగ్గరికే వచ్చి కలుస్తాయి. వినడానికి తేడా లేదు, రాయడానికీ తేడా లేదు. దీన్ని తేల్చేది ముందున్న "అన్" అనే చిన్న ముక్క. అది క్రియ ముందుకు వస్తే మగ బహువచనం చివర ఉన్న "న" పడిపోవాలి. ఆడ బహువచనంలో "న" ఎప్పటికీ పడిపోదు, ఎందుకంటే అక్కడ ఆ "న"యే స్త్రీలను సూచించే సర్వనామం. ఆయతులో "అన్" ఉంది, "న" కూడా చెక్కు చెదరకుండా ఉంది. అంటే వదులుకునే హక్కు స్త్రీలదే. ఇంకా అనుమానం ఉంటే అదే ఆయతులో కొంచెం ముందుకు వెళ్ళి చూడండి. "వ అన్ తాఫూ" అని వస్తుంది, మీరు వదులుకోవడమే భక్తికి దగ్గర అని. ఆ మాట పురుష బహువచనంలో ఉంది. అక్కడ "న" పడిపోయింది. ఒకే ధాతువు, ఒకే ఆయతు, రెండు రూపాలూ పక్కపక్కనే ఉన్నాయి.

తెలుగులో ఈ తేడా చూపించడం కుదరదు. "వారు వదులుకుంటే తప్ప" అని రాస్తే ఆ వారు ఆడవాళ్ళో, మగవాళ్ళో మన క్రియ చెప్పదు. అనువాదకుడు "స్త్రీలు" అని పేరు పెట్టి చెప్పాల్సిందే. చెప్పకపోతే హక్కు ఎవరిదో చదివేవాళ్ళకి తెలియకుండా పోతుంది.

నేను ఈ "న" దగ్గర ఇంతసేపు ఆగడానికి కారణం ఉంది. మా వైపు ఊళ్ళలో ఒక పద్ధతి ఉంది. భర్త చనిపోయాక, జనాజా (పాడె) లేవబోయే ముందు, ఏడుస్తున్న భార్యను తీసుకొచ్చి నిలబెట్టి, "మెహర్ మాఫ్ చేశానని చెప్పమ్మా" అంటారు. చుట్టూ బంధువులంతా చూస్తుంటారు. చెప్పకపోతే మొగుడి ఆత్మకి శాంతి లేకుండా చేసిందన్న పేరు జీవితాంతం మోయాలి. ఎవరు మాత్రం చెప్పరు? మా ఇంట్లో పెద్దవాళ్ళు చాలామంది అలా చెప్పినవాళ్ళే. కానీ మెహర్ భర్త మీద ఉన్న అప్పు. అతను పోతే అతను వదిలిన ఆస్తి పంచుకునే ముందు తీర్చాల్సిన అప్పు. అది తీర్చే బాధ్యత వారసులది. ఆ బాధ్యతను వదిలించుకోవడానికి ఆమె కన్నీళ్ళను వాడుకుంటున్నాం.

దీనికి కూడా జవాబు వ్యాకరణంలోనే ఉంది. నిసా సూరా 4వ ఆయతులో "ఫ ఇన్ తిబ్న లకుమ్ అన్ షైఇమ్ మిన్హు నఫ్సన్" అని ఉంది. వాళ్ళు మనసారా మెహర్‌లో కొంత మీకు ఇస్తే మీరు హాయిగా తినండి అని దాని భావం. ఇక్కడ "తిబ్న" అనే క్రియకు కర్త స్త్రీలు. చివర్లో వచ్చే "నఫ్సన్" ద్వితీయా విభక్తిలో ఉంటుంది. నహూలో దాన్ని తమ్‌యీజ్ అంటారు, అంటే ఆ సంతోషం ఏ విషయంలోనో తేల్చి చెప్పే పదం. ఆ సంతోషం నోటి మాటలో కాదు, మనసులో ఉండాలి. 12వ శతాబ్దపు గొప్ప వ్యాకరణవేత్త, మధ్య ఆసియాలోని ఖ్వారజ్మ్ వాడైన జమఖ్షరీ ఇక్కడ ఒక మాట అంటాడు: వాళ్ళు ఇచ్చేస్తే అనో, దానం చేస్తే అనో అనకుండా, వాళ్ళ మనసు తృప్తి పడితే అనే షరతు పెట్టారంటే, ఈ విషయంలో దారి చాలా ఇరుకని, జాగ్రత్తగా ఉండాలని అర్థం. అక్కడే ఆయన ఇరాక్‌లోని కూఫా ఖాజీ షురైహ్ కథ చెబుతాడు. ఒకావిడ భర్తకు కొంత సొమ్ము ఇచ్చేసి, తర్వాత తిరిగి కావాలని కోర్టుకు వచ్చింది. భర్త ఈ ఆయతే చదివి, మనసారా ఇచ్చిందిగా అన్నాడు. నిజంగా మనసారా ఇచ్చి ఉంటే వెనక్కి అడిగేదే కాదు అని షురైహ్ ఆమెకే ఇప్పించాడు. "మిన్హు" అంటే "దానిలో నుంచి" అని కదా, అందుకే ఈజిప్టు పండితుడు లైస్ ఇబ్న్ సాద్ ఇంకా గట్టిగా, ఆమె కొద్ది భాగమే వదులుకోవచ్చు, అంతకు మించి చెల్లదు అన్నాడు.

జనాజా పక్కన నిలబెట్టి అడిగే మాఫీ ఈ షరతుకు నిలుస్తుందా? నిలవదు. "నీకు అరబీ వచ్చా" అని అడిగేవాళ్ళు ముందు దీనికి జవాబు చెప్పాలి.

ఇప్పుడు వ్యాకరణం ఒక పెద్దాయన తీర్పునే మార్చేసిన సంగతి చెబుతాను. నిసా సూరా 23వ ఆయతు ఎవరెవరిని నికా చేసుకోకూడదో చెబుతుంది. అందులో రెండు మాటలు పక్కపక్కనే ఉన్నాయి: మీ భార్యల తల్లులు, మీరు కాపురం చేసిన మీ భార్యల కూతుళ్ళు. అరబీలో "కాపురం చేసిన" అనే విశేషణం చివర్లో వస్తుంది. అది కూతుళ్ళకు సంబంధించిన భార్యలకే వర్తిస్తుందా, తల్లుల విషయంలో చెప్పిన భార్యలకు కూడానా? రెండోది నిజమైతే, నికా అయి కాపురం కాకుండానే విడిపోయిన అమ్మాయి తల్లిని ఆ మగవాడు చేసుకోవచ్చు. మొదటిదైతే, నికా మాట పడిన క్షణం నుంచీ అత్తగారు అతనికి జీవితాంతం నిషిద్ధం.

ఇమామ్ మాలిక్ రాసిన ముఅత్తా అనే గ్రంథంలో ఉంది ఈ సంగతి. ప్రవక్త సహచరుడు అబ్దుల్లా ఇబ్న్ మస్ఊద్ కూఫాలో ఉన్నప్పుడు ఒకతను సరిగ్గా ఇదే అడిగాడు. ఆయన చేసుకోవచ్చు అన్నాడు. తర్వాత మదీనాకు వెళ్ళినప్పుడు అక్కడివాళ్ళను అడిగితే, ఆ షరతు సవతి కూతుళ్ళ విషయంలోనే అని చెప్పారు. ఆయన కూఫాకు తిరిగివచ్చి, తన ఇంటికి కూడా వెళ్ళకముందే నేరుగా ఆ మనిషి దగ్గరికి వెళ్ళి, భార్యను వదిలెయ్యమన్నాడు.

తర్వాత వచ్చిన వ్యాకరణవేత్తలు దీనికి కారణం కూడా చెప్పారు. బాగ్దాద్‌లో ఉన్న జజ్జాజ్ లాంటివాళ్ళ వాదన ఇది: ఆయతులో "మీ భార్యలు" అన్న పదం రెండుసార్లు వచ్చింది. మొదటిసారి దాని షష్ఠీ విభక్తికి కారణం "తల్లులు" అనే పదంతో ఉన్న సంబంధం. రెండోసారి కారణం "మిన్" అనే ముక్క. రెండింటినీ ఆ విభక్తిలోకి తెచ్చిన కారకాలు వేరైనప్పుడు, చివర్లో వచ్చే ఒక్క విశేషణాన్ని రెండింటికీ తగిలించడం అరబీలో కుదరదు. హజ్రత్ అలీ నుంచి వేరే అభిప్రాయం ఉన్నట్టు కొన్ని కథనాలున్నాయి, కానీ నాలుగు సున్నీ మజ్‌హబ్‌లూ, అంటే హనఫీ, మాలికీ, షాఫియీ, హంబలీ ధర్మశాస్త్ర సంప్రదాయాలూ, ఈ వాదన వైపే నిలిచాయి. తెలుగులో విశేషణం నామవాచకానికి ముందు వస్తుంది కాబట్టి మన అనువాదాలు చదివేవాళ్ళకు ఇక్కడ ఒక ప్రశ్న ఉందనే తెలియదు. అనువాదకుడు అది ముందే తేల్చేసి ఉంటాడు.

ఇక వ్యాకరణం తేల్చకుండా వదిలేసిన చోట్లు. అన్నిటికంటే ఎక్కువ చర్చ జరిగింది బకరా సూరా 228వ ఆయతు మీద. తలాక్ అయిన స్త్రీలు "సలాసత ఖురూఇన్" దాకా ఆగాలి. అదే ఇద్దత్. ఖుర్ అంటే బహిష్టు అని ఒక అర్థం, రెండు బహిష్టుల మధ్య ఉన్న శుద్ధి కాలం అని ఇంకో అర్థం. అరబీలో రెండూ నిజమైన అర్థాలే. హనఫీలు బహిష్టు అన్నారు. మాలికీలు, షాఫియీలు శుద్ధి కాలం అన్నారు.

షాఫియీల వాదనలో ఒకటి లింగం మీద ఉంది. అరబీలో మూడు నుంచి పది దాకా అంకెలకు, లెక్కించే నామవాచకం పుంలింగమైతే అంకె స్త్రీలింగ రూపంలో వస్తుంది, స్త్రీలింగమైతే తిరగబడి పుంలింగ రూపంలో వస్తుంది. ఇక్కడ "సలాసత" అని స్త్రీలింగ రూపం వచ్చింది, కాబట్టి లెక్కించేది పుంలింగం. బహిష్టుకు అరబీ మాట "హైజ" స్త్రీలింగం. శుద్ధికి మాట "తుహ్ర్" పుంలింగం. కాబట్టి అర్థం తుహ్ర్. హనఫీలు దీనికి తడుముకోకుండా జవాబిచ్చారు: అంకె చూసేది పదాన్ని, అర్థాన్ని కాదు. ఆయతులో ఉన్న పదం ఖుర్, అది ఏ అర్థంలో వాడినా పుంలింగమే. పైగా వాళ్ళు "మూడు" అన్న మాటను పట్టుకున్నారు. తలాక్ ఇచ్చిన శుద్ధి కాలాన్నే మొదటిదిగా లెక్కేస్తే రెండూ, ఇంకొంచెం అవుతుంది గానీ నిండు మూడు కాదు కదా. ఇద్దరి వాదనలూ బలమైనవే. ఒకరిది తప్పని వ్యాకరణం చెప్పదు.

ఈ తేడా పండితుల కాలక్షేపం కాదు. శుద్ధి లెక్కలో మూడో బహిష్టు మొదలవగానే ఇద్దత్ తీరిపోతుంది. బహిష్టు లెక్కలో అది ముగిసేదాకా తీరదు. ఆ కొద్ది రోజుల్లో భర్త ఆమెను తిరిగి తీసుకోవచ్చా, ఆమె వేరే నికా చేసుకోవచ్చా, అతను చనిపోతే ఆమెకు వారసత్వం వస్తుందా అన్నవన్నీ మారిపోతాయి. అహ్వస్ అనే ఆయన సిరియాలో చనిపోయినప్పుడు, ఆయన తలాక్ ఇచ్చిన భార్యకు మూడో బహిష్టు అప్పుడే మొదలైంది. ఏం చేయాలో తెలియక అక్కడి పాలకుడు ముఆవియా మదీనాలో ఉన్న ప్రవక్త సహచరుడు జైద్ ఇబ్న్ సాబిత్‌కు ఉత్తరం రాశాడు. మూడో బహిష్టు మొదలైందంటే ఇద్దరికీ సంబంధం తెగిపోయింది, ఒకరికొకరు వారసులు కారు అని జైద్ జవాబు రాశాడు. హనఫీ లెక్కలో అయితే ఆమె అతని ఆస్తిలో వాటాదారు.

మన హైదరాబాద్‌లోనే ఈ రెండు లెక్కలూ బతికి ఉన్నాయి. నగరంలో ముస్లింలు ఎక్కువమంది హనఫీలు. కానీ బార్కస్‌లో, నిజాం సైన్యంలో పనిచేయడానికి యెమెన్ నుంచి వచ్చిన హజ్రమీ అరబ్బుల వారసులు షాఫియీలు. ఇద్దత్ ఒకటే కాదు, నికాలో వలీ అంటే సంరక్షకుడి సంగతి కూడా వేరవుతుంది. హనఫీ ఫిఖహ్ (ధర్మశాస్త్రం)లో పెద్దమనిషైన, బుద్ధి తెలిసిన ఆడపిల్ల తన నికా తానే చేసుకోవచ్చు. సంబంధం తగినది కాకపోతే, మెహర్ తక్కువైతే వలీ అభ్యంతరం పెట్టవచ్చు, అంతే. షాఫియీ ఫిఖహ్‌లో వలీ లేకపోతే నికాయే లేదు.

ఇక్కడ కూడా వాదన క్రియల మీదే నడిచింది. బకరా 221లో మగవాళ్ళతో చెప్పేటప్పుడు "లా తన్‌కిహూ" అంది, మీరు నికా చేసుకోకండి అని. ఆడవాళ్ళ సంగతి వచ్చేసరికి "లా తున్‌కిహూ" అంది, మీరు వాళ్ళ నికా చేయించకండి అని. ఒక్క అచ్చు మారింది, క్రియ ప్రేరణార్థకం అయిపోయింది. ఆడపిల్ల నికా చేయించేవాళ్ళు వేరే ఉన్నారని షాఫియీలు అన్నారు. మరి 230లో "హత్తా తన్‌కిహ జౌజన్ గైరహు" అని, ఆమె ఇంకో భర్తను నికా చేసుకునేదాకా అని ఉంది కదా, అక్కడ కర్త ఆమే కదా అని హనఫీలు అడిగారు. 232వ ఆయతు ఇంకా ఆసక్తికరం. వాళ్ళు తమ భర్తలను నికా చేసుకోబోతే ఆపకండి అంటుంది. మఅఖిల్ ఇబ్న్ యసార్ చెల్లెలికి తలాక్ అయి, ఇద్దత్ కూడా తీరాక, పాత భర్తే మళ్ళీ అడగడానికి వచ్చాడు. ఆమెకూ ఇష్టమే. అన్న మాత్రం కోపంతో కుదరదన్నాడు. అప్పుడు వచ్చిన ఆయతు ఇది. అన్నకు అధికారమే లేకపోతే ఆపకు అని ఎందుకు చెప్పాలి అంటారు షాఫియీలు. క్రియకు కర్త ఆడవాళ్ళే కదా, చేసుకునేది వాళ్ళే కదా అంటారు హనఫీలు. ఇద్దరూ ఒకే వాక్యం చదువుతున్నారు. నాకు హనఫీ వాదనే బలంగా అనిపిస్తుంది, అయినా రెండోదాన్ని అరబీ రానివాళ్ళ వాదన అని కొట్టెయ్యలేను.

బహుభార్యాత్వం గురించి క్లుప్తంగానే చెబుతాను, దాని మీద రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు. నిసా 3లో "మస్నా వ సులాస వ రుబాఅ" అన్నప్పుడు మధ్యలో "మరియు" అనే వావ్ ఉంది కాబట్టి రెండు, మూడు, నాలుగు కలిపి తొమ్మిది అన్నవాళ్ళు కూడా ఉన్నారు. అవి కూడికకు పనికొచ్చే మామూలు అంకెలు కావు, ఇద్దరిద్దరు, ముగ్గురు ముగ్గురు అన్న విభాగ రూపాలు అని నహూ పండితులు ఆ వాదనను తోసేశారు. ఆయతు చివర "అల్లా తఊలూ" దగ్గర మాత్రం గొడవ తేలలేదు. మీరు అన్యాయం చేయకుండా ఉండటానికి అని చాలామంది అర్థం. మీ మీద పోషణ భారం పెరగకుండా అని ఇమామ్ షాఫియీ అన్నాడు. ఆ అర్థానికి క్రియ వేరే రూపంలో రావాలి కదా అని ఆయన్ను విమర్శించారు. అరబ్బుల వాడుకలో అదీ ఉందని కూఫా వ్యాకరణవేత్త కిసాయీ చెప్పాడంటూ ఇంకొందరు వెనకేసుకొచ్చారు. ఇదే సూరాలో 129వ ఆయతు, మీరు ఎంత కోరుకున్నా భార్యల మధ్య న్యాయం చేయలేరు అంటుంది. ట్యునీషియా 1956లో రెండో పెళ్ళిని నిషేధించినప్పుడు దాన్ని సమర్థించినవాళ్ళు ఈ రెండు ఆయతులనూ కలిపి చదివారు. 129లోనే, అలాగని పూర్తిగా ఒకవైపే ఒరగకండి అన్న మాట కూడా ఉంది. అది కూడా చదవాలి.

తలాక్ విషయానికి వస్తే, అరబ్బులు ఒక కథ చెప్పుకుంటారు. ఒక కవి భార్యతో "నీకు తలాక్, తలాక్ అంటే గట్టి సంకల్పం, మూడు" అనే అర్థం వచ్చేలా పద్యం చెప్పాడట. ఎన్ని తలాక్‌లు పడ్డాయని ఖలీఫా హారూన్ అర్రషీద్ ఖాజీ అబూ యూసుఫ్‌ను అడిగాడట. ఇందులో ఫిఖహ్‌తో పాటు వ్యాకరణం కూడా ఉంది, నా సొంతంగా చెబితే తప్పవుతుందేమో అని ఆయన కిసాయీ దగ్గరికి వెళ్ళాడట. "సలాసున్" అని ప్రథమా విభక్తిలో చదివితే ఒక్కటే, ఎందుకంటే "మూడు" అనేది తలాక్ గురించి మామూలుగా చెప్పిన మాట అవుతుంది. "సలాసన్" అని ద్వితీయలో చదివితే మూడు, ఎందుకంటే అది "నీకు తలాక్" అన్న మొదటి మాటకు వెళ్ళి తగులుతుంది. కిసాయీ జవాబు ఇదీ. ఒక కాపురం చివరి అచ్చు మీద నిలబడింది.

మన దేశంలో మూడు తలాక్‌ల గొడవ కూడా ఇలాంటి చోటే ఉంది. బకరా 229 "అత్తలాఖు మర్రతాని" అంటుంది, తలాక్ రెండు మార్లు అని. మర్ర అంటే ఒక మారు, ఒకసారి జరిగిన పని. రెండు మార్లు అంటే ఒకటి అయ్యాక ఇంకోటి. ఒకే ఊపిరిలో మూడుసార్లు అన్నది మూడు మార్లు ఎలా అవుతుంది? ఇది మధ్యయుగ పండితుడు ఇబ్న్ తైమియా వాదన, మన దగ్గర ఏ మజ్‌హబ్‌కూ కట్టుబడని అహ్లె హదీస్ వాళ్ళ వాదన. అవతలివాళ్ళు అహ్జాబ్ సూరా 31వ ఆయతు చూపిస్తారు. అక్కడ "మర్రతైని" అంటే ప్రతిఫలం రెండింతలు అని, ఒకదాని తర్వాత ఒకటి అని కాదు. కాబట్టి సంఖ్య అర్థం కూడా ఉంది. నా మట్టుకు నాకు మొదటి వాదనే సరైనది, ఎందుకంటే 229లో ఆ వెంటనే, మర్యాదగా ఉంచుకోవడమో, మంచిగా పంపించడమో అని వస్తుంది. రెండు తలాక్‌ల మధ్య ఆ నిర్ణయానికి వ్యవధి లేకపోతే ఆ వాక్యానికి పనే లేదు. సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 22న షాయరా బానో కేసులో 3–2 మెజారిటీతో తక్షణ తలాక్‌ను కొట్టేసింది. ఆ మెజారిటీలో జస్టిస్ కురియన్ జోసెఫ్ ఖురాన్ ఆయతుల మీదే తన తీర్పు నిలబెట్టారు.

తలాక్ అయిన భార్యకు భరణం ఇవ్వాలన్న 1985 నాటి షా బానో తీర్పు ఫలితం నాకు ఇష్టమే. అందులో వాదించిన పద్ధతి మాత్రం ఇప్పటికీ బాధ పెడుతుంది. బకరా 241లో "మతాఅ" అనే మాటకు ఒక ఇంగ్లీషు అనువాదంలో భరణం అని ఉంది, ఇంకోదానిలో ఏర్పాటు అని ఉంది. ముస్లిం పర్సనల్ లా బోర్డు ఆ తేడా ఎత్తి చూపితే, కోర్టు అది పెద్ద తేడా కాదని తీసి పక్కన పెట్టింది. అసలు ఆయతు దగ్గరే కూర్చుని ఉంటే కోర్టుకు ఇంకా గట్టి ఆధారం దొరికేది. "లిల్ ముతల్లఖాతి" అన్నారు. నిర్దేశక "అల్" పెట్టిన బహువచనం అది, అంటే తలాక్ అయిన స్త్రీలందరూ వస్తారు. ముందున్న "లి" హక్కును సూచిస్తుంది. "హక్ఖన్ అలల్ ముత్తఖీన్" లోని "అలా" బాధ్యతను పెడుతుంది. ఇమామ్ షాఫియీ సగం మెహర్ వచ్చే స్త్రీని తప్ప అందరికీ ఇది తప్పనిసరి అన్నాడు. భక్తిపరుల మీద బాధ్యత అన్నారు కాబట్టి ఇది మంచి పనే గానీ తప్పనిసరి కాదని ఇమామ్ మాలిక్ అన్నాడు. ఆ వాదనలను కోర్టులో ముస్లిం పండితుల నోటనే వినిపించి ఉంటే, ఆ తర్వాత వీధుల్లో జరిగిన గొడవలో సగమైనా తగ్గేదని నా నమ్మకం.

ఆ గొడవ తర్వాత వచ్చిన 1986 చట్టం తలాక్ అయిన స్త్రీకి న్యాయమైన ఏర్పాటు, భరణం ఇద్దత్ కాలం "లోపల" చేసి ఇవ్వాలి అంది. 2001లో డేనియల్ లతీఫీ కేసులో సుప్రీంకోర్టు ఆ ఒక్క ఇంగ్లీషు ముక్కను పట్టుకుంది. ఇద్దత్ కాలం లోపల ఇవ్వాలి అంటే ఇద్దత్ కాలానికి మాత్రమే సరిపడా ఇవ్వాలని కాదు, ఆ లోపు ఆమె భవిష్యత్తంతటికీ ఏర్పాటు చేయాలని అర్థం అంది. షా బానో ఓడిపోయిందనుకున్న చోట ఒక విభక్తి ఆమె లాంటి వాళ్ళను గెలిపించింది. మౌల్వీసాబ్‌లు అక్షరాలు పట్టుకుని వేలాడతారని ఎగతాళి చేసేవాళ్ళు దీన్ని కూడా చదవాలి.

నన్ను అన్నింటికంటే ఎక్కువ కలచివేసిన కేసు 2005 నాటిది. ఉత్తరప్రదేశ్‌లోని ముజఫర్‌నగర్ జిల్లాలో ఒక కోడలిని మామ బలాత్కారం చేశాడు. ఊరి పంచాయతీ ఇక నువ్వు భర్తకు భార్యవు కావు, అతన్ని కొడుకులా చూసుకో అంది. దేవ్‌బంద్ మదరసా ఇచ్చిన ఫత్వా (మత తీర్పు) కూడా ఆమె భర్తకు హరామ్ అయిపోయిందనే చెప్పింది. మరుసటి ఏడాది కోర్టు ఆ మామకు పదేళ్ళ శిక్ష వేసింది. కానీ అంతకు ముందే శిక్ష పడింది ఆమెకు.

ఆ ఫత్వా వెనక ఉన్నది నిసా 22వ ఆయతు. "మీ తండ్రులు నికా చేసుకున్న స్త్రీలను నికా చేసుకోకండి" అని. హనఫీలు నికా అన్న మాటకు అసలు అర్థం శరీర సంబంధం, ఒప్పందం అన్నది లక్ష్యార్థం అన్నారు. మాట అసలు అర్థంలోనే తీసుకోవాలన్నది వాళ్ళ నియమం. కాబట్టి తండ్రికి ఏ రకంగా శరీర సంబంధం కలిగినా, అది పాపమైనా సరే, ఆ స్త్రీ కొడుక్కి హరామ్. షాఫియీలు సరిగ్గా తిరగేశారు: నికా అసలు అర్థం ఒప్పందమే, పాపం వల్ల హలాల్ సంబంధం హరామ్ అయిపోదు. ఇవి కాక ఇంకో చదువు కూడా ఉంది. ఆయతులో "మా" అనే ముక్క ఉంది. మనుషుల గురించి చెప్పేటప్పుడు మామూలుగా "మన్" వాడాలి కదా అని ఆలోచించి, ఖురాన్ వ్యాఖ్యాత తబరీ దాన్ని క్రియను భావార్థకంగా మార్చే "మా"గా తీసుకున్నాడు. అప్పుడు "మీ తండ్రులు చేసుకున్న పద్ధతిలో నికాలు చేసుకోకండి" అని జాహిలియా నాటి, అంటే ఇస్లాం రాకముందటి, అక్రమ పెళ్ళిళ్ళను మందలించినట్టు అవుతుంది.

అంటే వ్యాకరణం ఆమె కాపురం కూల్చమని ఎవరినీ బలవంతపెట్టలేదు. ఆమెను కాపాడే అర్థం వెయ్యేళ్ళకు పైగా నాలుగు గౌరవనీయ మజ్‌హబ్‌లలో ఒకదానిలో ఉంది. హనఫీ ముఫ్తీ ఇంకో మజ్‌హబ్ తీర్పు తీసుకోకూడదంటారా? మనవాళ్ళే తీసుకున్నారు. భర్త కనపడకుండా పోయినా, క్రూరంగా హింసించినా హనఫీ ఫిఖహ్‌లో భార్యకు విడిపోయే దారి దాదాపు లేదు. ఆ స్త్రీల కష్టం చూసి దేవ్‌బంద్ పరంపరకే చెందిన మౌలానా అష్రఫ్ అలీ థానవీ మాలికీ తీర్పులను అరువు తెచ్చుకోవచ్చని రాశారు. 1939లో వచ్చిన ముస్లిం వివాహాల రద్దు చట్టం ఆ పునాది మీదే నిలబడింది. ఇప్పటికీ మన కుటుంబ కోర్టుల్లో ముస్లిం స్త్రీలు విడాకులు కోరేది ఆ చట్టం కిందే. 1939లో చేయగలిగింది 2005లో ఎందుకు చేయలేకపోయారు? ఆ ప్రశ్నకు జవాబు నహూ పుస్తకాల్లో లేదు. జవాబు చెప్పాల్సింది మనుషులు.

అందుకే నేను మా పిల్లలకు, ముఖ్యంగా ఆడపిల్లలకు, నాజిరాతో ఆపకండి అంటాను. అర్థం తెలియకుండా ఖురాన్ అందంగా చదవడం నేర్పి వదిలేస్తున్నాం. 1888 నుంచి అరబీ పాత రాతప్రతులను అచ్చువేసి ప్రపంచానికి పంచిన దాయిరతుల్ మఆరిఫ్ ఉన్న ఊరు హైదరాబాద్. ఈ ఊళ్ళోనే మొఘల్‌పురాలో జామియతుల్ మోమినాత్ 2000 దశకం మొదట్లోనే ఆడవాళ్ళను ముఫ్తీలుగా తయారుచేసింది. కాబట్టి ఆడవాళ్ళకు ఇది అందని చదువు అని ఎవరూ అనలేరు. ఇద్దత్ లెక్క గురించి ఒక ఆడమనిషి ఇంకో ఆడమనిషిని మొహమాటం లేకుండా అడగగలదు. ఫత్వా ఇచ్చేవాళ్ళు ఎవరైనా, తాము ఏ ఇమామ్ చదివిన పద్ధతిని తీసుకున్నారో, అదే వాక్యాన్ని ఇంకో ఇమామ్ ఎలా చదివాడో ఆ కాగితం మీదే రాయాలి. అడిగిన మనిషికి తన ముందు ఎన్ని దారులున్నాయో తెలియాలి.

ఖాజీసాబ్‌లకు కూడా ఒక విన్నపం ఉంది. సియాహా (నికా రిజిస్టరు)లో మెహర్ దగ్గర "ముఅజ్జల్" అనో "మువజ్జల్" అనో రాస్తారు. ఒకటి ఐన్ అనే అక్షరంతో, వెంటనే ఇవ్వాల్సింది. ఇంకోటి హమ్జాతో, తర్వాత ఇచ్చేది. మన నోళ్ళలో రెండూ ఒకటే అయిపోయాయి, తెలుగులోనో ఇంగ్లీషులోనో రాస్తే అసలు తేడానే తెలియదు. పెళ్ళికూతురు సంతకం పెట్టే ఆ కాగితం మీద, ఆ మాట పక్కన, "అడిగిన వెంటనే ఇవ్వాలి" అనో "ఫలానా తేదీకి ఇవ్వాలి" అనో తెలుగులో రాయండి. సంతకం చేసే ముందు ఆమెకు చదివి వినిపించండి.